నరకాసురుడి ఊళ్ళో నాటకం

 

నాటకం నేర్చుకోవడానికి నేను మాస్టారి దగ్గర చేరేనాటికే ఆయన వేషాలు కట్టడం మానేశారు. అయినా ఊళ్ళో పెద్దవాళ్ళు ఆయన మాటెత్తితే నరకాసురుడి వేషమే చెప్పేవారు. నరకచతుర్దశి నాడు గడ్డితో కట్టిన బొమ్మ పక్కన నిలబడి నాలుగు పద్యాలు ఎత్తుకునేవారట. పద్యాలయ్యాక బొమ్మ కాలేది, మాస్టారు ఇంటికెళ్ళి తలంటుకునేవారు. ఒకసారి రిహార్సల్ మధ్యలో టీ తాగుతూ మమ్మల్ని అడిగారు, నరకుడు ఏ ఊరివాడురా అని. ప్రాగ్జ్యోతిషం అన్నాడు ఒకడు. అదెక్కడుందిరా అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ద్వారకకైనా రైలుంది గానీ ప్రాగ్జ్యోతిషానికి రైలుంటుందని మాకెవరికీ తోచలేదు.

ఉంది. గువాహటిలో దిగాలి. అక్కడి మెడికల్ కాలేజీ ఉన్న కొండ పేరే నరకాసుర్ కొండ. కామాఖ్య గుడి ఉన్న నీలాచలానికి కింది నుంచి ఒక పాత రాతి మెట్ల దారి ఉంది. అది నరకుడు కట్టిందేనని చెబుతారు. అమ్మవారిని పెళ్ళాడతానని అతను పట్టుబట్టాడట. తెల్లారేలోగా కొండ కింది నుంచి గుడిదాకా మెట్లు కట్టు, చూద్దాం అందట ఆవిడ. ఇక నాలుగు మెట్లుంటే అయిపోతుందనగా, తెల్లారకుండానే కోడి చేత కూయించింది. మోసపోయిన నరకుడు కోడిని తరుముకుంటూ వెళ్ళి ఒకచోట నరికేశాడు. ఆ చోటుకి కుకురాకటా అని పేరు. ఈ కథ నాకు చెప్పిన ఆటో డ్రైవరు నవ్వుతూ చెప్పాడు గానీ అసహ్యంతో చెప్పలేదు. మా ఊరివాడే, కాస్త తల తిరిగినవాడు, అన్నట్టు చెప్పాడు. మేం దీపావళికి ఇతన్ని తగలబెడతామని నేను చెప్పలేదు. కిరాయి కొంచెం ఎక్కువే ఇచ్చాను.

ఇందులో వేళాకోళం కానిది ఒకటుంది. కామరూపాన్ని, అంటే పాత అస్సాంని ఏలిన రాజవంశాలు తమ మూలపురుషుడిగా చెప్పుకున్నది ఈ నరకుణ్ణే. ఏడో శతాబ్దంలో భాస్కరవర్మ వేయించిన నిధన్‌పుర్ రాగిరేకుల్లో నరకుడు, అతని కొడుకు భగదత్తుడు, ఆ తర్వాత వజ్రదత్తుడు అని వరస ఉంటుంది. మా తాత ఇక్కడివాడు, ఇదిగో కాగితం అన్నమాట. సరే, ఆ తాత ఎక్కడివాడు? కాళికాపురాణం ప్రకారం అతను పెరిగింది మిథిలలో, జనకుడి ఇంట్లో. పెద్దయ్యాక ప్రాగ్జ్యోతిషానికి వచ్చి, అప్పటికే అక్కడ ఉన్న కిరాతుల రాజు ఘటకుణ్ణి చంపి, కిరాతుల్ని తూర్పు సముద్రం దాకా తరిమి గద్దెనెక్కాడు. అంటే స్థానికుడిగా రాగిరేకులకెక్కిన మొదటివాడే వలస వచ్చినవాడు!

ఆ కాగితం గొడవ ఈ కాలంలోనూ ఉంది. 2019 ఆగస్టు 31న అస్సాంలో జాతీయ పౌర పట్టిక తుది జాబితా వచ్చింది. అర్జీ పెట్టుకున్న 3 కోట్ల 30 లక్షల మందిలో 19,06,657 మంది పేర్లు లేవు. పేరు ఎక్కాలంటే 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందు నుంచీ తమవాళ్ళు ఇక్కడే ఉన్నారని కాగితం చూపాలి. ఆ పాత కాగితాలకు అక్కడ వాడుకలో పడిన పేరు లెగసీ డేటా. చదువురాని ముసలమ్మలు కూడా ఆ మాట పలుకుతారు. భాస్కరవర్మ రాగిరేకుల్ని ఇప్పుడు చదివితే నాకు ఆ మాటే వినిపిస్తుంది.

ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. పురాణంలో రాజకీయం పెట్టడమంటే మనవాళ్ళకు హిరణ్యకశిపుడికి ముఖ్యమంత్రి కళ్ళజోడు తగిలించడం. జనం నవ్వుతారు, మర్నాటికి మరిచిపోతారు. మనమూ చేశాం, నేనూ చేశాను, ఈ వేదిక మీదే చేశాను. అస్సాంలో కళ్ళజోడు అక్కర్లేదు. ఎవరు ఇక్కడివాళ్ళు, ఎవరు వచ్చినవాళ్ళు, ఎవరిని రాక్షసుడనాలి అనే తగువు ఆ కథల పుట్టుకలోనే ఉంది. ఆ తగువును కెలికిన నాటకం నిలబడింది. కథను అలంకారంగా తగిలించుకున్న నాటకం ఆ సీజనుతోనే పోయింది.

మొదటి నుంచీ వద్దాం. అస్సామీ నాటకానికి ఆద్యుడు శ్రీమంత శంకరదేవుడు, 1449లో పుట్టి 1568 దాకా బతికాడని చెబుతారు. మన నంది తిమ్మనకు సమకాలికుడు. ఇద్దరూ పారిజాతం కథే ఎత్తుకోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. తిమ్మన సత్యభామ అలకగదిలో ఉంటుంది. శంకరదేవుడి సత్యభామ స్వర్గానికెళ్ళి ఇంద్రుడి పెళ్ళాంతో కుళాయి దగ్గర తగువులాడినట్టు ఆడుతుంది. ఆ పారిజాత హరణంలోనే దారిలో నరకవధ ఉంది. ఎక్కడ ఆడుతున్నారు? నరకుడి సొంత దేశంలో. తమ దేశపు పాతరాజు కృష్ణుడి చేతిలో చావడం చూసి, కృష్ణుడికే దండం పెట్టి ఇంటికెళ్ళే ప్రేక్షకులు వాళ్ళు.

ఈ నాటకాలు రాసినాయన కూడా ఒకచోట స్థిరంగా ఉన్నవాడు కాదు. ఆహోం రాజ్యంలో ఏనుగుల్ని పట్టే పని వైష్ణవుల మీద పడింది. ఏనుగులు తప్పించుకుపోయాయి. ఆ తప్పుకి శంకరదేవుడి అల్లుడు హరి తల పోయింది, శిష్యుడు మాధవదేవుడు ఖైదులో పడ్డాడు. శంకరదేవుడు ఆ రాజ్యం వదిలి పడమటి కోచ్ రాజ్యానికి చేరాడు. చివరి నాటకం రామవిజయం అక్కడే రాశాడు. ఆ రాజ్యంలో ఆయన వచ్చినవాడే.

ఆయన నాటకాల్ని అంకీయా నాట్ అంటారు, ప్రదర్శనని భావోనా అంటారు. పల్లెల్లో నామ్‌ఘర్ అని ప్రార్థనశాల ఉంటుంది, పొడుగాటి షెడ్డు లాగా. భావోనా అందులోనే. నేను చూసిన రాత్రి ఎనిమిదింటికి గాయన్-బాయన్ మొదలుపెట్టారు. అంటే తెల్లబట్టలు, తలపాగాలతో ఖోల్ మద్దెలలు, తాళాలు పట్టుకున్న బృందం. గంట దాటినా కథ మొదలుకాలేదు. పక్కనున్న పెద్దాయన నా గడియారం వైపు చూసి, ఇంకా చాలా ఉంది, టీ తాగిరండి అన్నాడు. తర్వాత ఇద్దరు తెల్లగుడ్డ అడ్డంగా పట్టుకొచ్చారు. మన కూచిపూడి వాళ్ళు భామ జడ తెర మీద వేయడానికి పట్టుకునే తెర గుర్తుందిగా, అదే పద్ధతి. దీపాల తోరణం కింద గుడ్డ దించగానే ఢాం అని మందు పేలింది, సూత్రధారి వంగి నమస్కరిస్తూ కనిపించాడు.

ఈ సూత్రధారి మీద రెండు నిమిషాలు ఆగాలి. మన సంస్కృత నాటకాల్లో సూత్రధారుడు ప్రస్తావన చెప్పి వెళ్ళిపోతాడు. ఇతను వెళ్ళడు. కృష్ణుడొస్తే ఇదిగో కృష్ణుడొచ్చాడంటాడు, రాజు తప్పు చేస్తే తప్పు చేస్తున్నాడంటాడు, మధ్యలో నాట్యం చేస్తాడు, ప్రేక్షకులకు మంచీ చెడూ చెబుతాడు. నాటకం జరుగుతుండగా రాజు పక్కనే నిలబడి రాజు గురించి మాట్లాడే హక్కు ఒక మనిషికి ఇచ్చారు, అయిదు వందల ఏళ్ళ కిందట. తర్వాతి కాలపు అస్సామీ దర్శకుడికి రాజకీయ నాటకం కోసం పరాయి దేశాల వైపు చూడాల్సిన అవసరం లేకపోవడానికి ఇది ఒక కారణమని నా నమ్మకం.

ఇంకో కారణం ఓజాపాలి. ఓజా కథ నడుపుతాడు, వెనక పాలివాళ్ళు తాళాలతో వంత పాడతారు. ఓజాకి కుడిపక్కన ఉండే వంత పేరు దైనాపాలి. అంటే కుడివైపు వాడనే. ఓజా పాటలో చెప్పింది ఇతను మాటల్లో విప్పుతాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు, ఊళ్ళో సంగతులు కలిపి నవ్విస్తాడు. ఇది వింటున్న తెలుగువాడికి ఏం గుర్తురావాలి? బుర్రకథ. కథకుడి ఇద్దరు వంతల్లో ఒకణ్ణి మనం రాజకీయం అనే పిలుస్తాం, ఇంకొకడు హాస్యం. నాజర్‌ను ప్రజానాట్యమండలి తయారు చేసుకున్నట్టే, అక్కడ ఢోలు విద్వాంసుడు మఘాయ్ ఓజాను వామపక్ష కళాకారుల సంఘం ఇప్టా అక్కున చేర్చుకుంది. 1960లో అస్సాంలో భాషాఘర్షణలు చెలరేగినప్పుడు గాయకులు హేమాంగ బిశ్వాస్, భూపేన్ హజారికా రెండు భాషల కళాకారుల్నీ వెంటేసుకుని ఊళ్ళ మీదికెళ్ళారు. హారాధన్, రంగ్‌మన్ అనే ఇద్దరు రైతుల కథ పాడారు, ఒకడు బెంగాలీ, ఒకడు అస్సామీ. పాటలో కూడా రెండు భాషలూ కలిసే ఉన్నాయి. ఇళ్ళు తగలబడుతున్న రోజుల్లో అలా వెళ్ళడానికి గుండె కావాలి.

ఆధునిక రంగస్థలం మీద ఈ తగువును మొదట అందంగా ఎత్తుకున్నది జ్యోతిప్రసాద్ అగర్వాలా. 1935లో తొలి అస్సామీ సినిమా జయ్‌మతి తీసినాయన. ఈయన పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్ళు, అదీ గుర్తుంచుకోండి. ఆయన ఊరు తేజ్‌పుర్, అంటే బాణాసురుడి శోణితపురం. ఊళ్ళో అగ్నిగఢ్ అని గుట్ట ఉంది, ఉషాకన్యను బాణుడు దాచింది అక్కడేనట. ఊరి నాటకశాల పేరు బాణ్ థియేటర్, 1906 నాటిది. మనవాళ్ళెవరైనా నాటకశాలకి నరకాసుర కళామందిరం అని పేరు పెడతారా? జ్యోతిప్రసాద్ కుర్రతనంలో రాసిన శోణిత్ కువరి ఉషానిరుద్ధుల కథే, మన కూచిపూడి ఉషాపరిణయం కథ. ఆయన అందులో చిత్రలేఖను ముందుకు తెచ్చాడు, బొమ్మ గీసి కలను నిజం చేసే కళాకారిణిగా. పాటలకి స్థానిక బాణీలు కట్టాడు. అస్సామీ రంగస్థలం బెంగాలీ నాటకాల నీడలో ఉన్న రోజుల్లో ఆ బాణీలు వినిపించడమే పెద్ద రాజకీయ ప్రకటన. తర్వాత 1942 ఉద్యమం మీద లభితా రాశాడు. నాకు మాత్రం మాటమాటకీ ఉపన్యాసం వచ్చే లభితా కన్నా శోణిత్ కువరి దగ్గరే ఆయన రాజకీయం ఎక్కువ కనిపిస్తుంది.

అయితే స్థానిక కథ ప్రతిసారీ నోరులేనివాళ్ళ పక్షాన నిలబడుతుందని భ్రమపడొద్దు. జయ్‌మతి కథ చూడండి. పదిహేడో శతాబ్దం చివర, పారిపోయిన భర్త గదాపాణి జాడ చెప్పమని ఆహోం రాజు మనుషులు జేరెంగా మైదానంలో ఆమెను హింసించారు. చెప్పలేదు, చచ్చిపోయింది. పద్మనాథ్ గోహాయి బరువా నాటకం రాశాడు, లక్ష్మీనాథ్ బెజ్‌బరువా రాశాడు, జ్యోతిప్రసాద్ సినిమా తీశాడు. చూస్తుండగానే ఆమె సతీత్వానికి, త్యాగానికి గుర్తయిపోయింది. 1979 నుంచి 1985 దాకా సాగిన విదేశీ వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్ళు వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. జయ్‌మతిలా నిలబడండి అన్నారు గానీ, గదాపాణి గద్దెనెక్కాక ఏం చేశాడని అడగమనలేదు.

దీనికి ఎదురుగా నేను తేజీమలా అనే పిల్ల కథను పెడతాను. బెజ్‌బరువా 1911లో అచ్చువేసిన బుఢీ ఆయిర్ సాధు, అంటే అవ్వ చెప్పిన కథలు, అందులో ఉంది. తండ్రి వర్తకుడు, పడవ మీద దూరదేశం పోతాడు. సవతితల్లి తేజీమలాకు స్నేహితురాలి పెళ్ళికని మంచి బట్టలు మూటకట్టి ఇస్తుంది, దారిలో విప్పొద్దంటుంది. మూటలో ఎలుకనూ నిప్పుకణికనూ పెడుతుంది. బట్టలు పాడయ్యాయన్న నెపం మీద పిల్లను ధాన్యం దంచే చోటికి తీసుకెళ్తుంది. కాలితో తొక్కే దంపుడు అది. ముందు కుడిచెయ్యి నలుగుతుంది. ఎడమచేత్తో తోయమంటుంది, అదీ నలుగుతుంది. తర్వాత కాళ్ళు, తర్వాత తల. పాతిపెట్టిన చోట సొర తీగ మొలుస్తుంది. కాయ కోయబోతే తీగ మాట్లాడుతుంది, నేనెవరో, నన్నెవరు చంపారో చెబుతుంది. పీకి పారేస్తే నిమ్మజాతి చెట్టవుతుంది, మళ్ళీ చెబుతుంది. నరికి నదిలో వేస్తే తామరపువ్వవుతుంది. తిరిగొస్తున్న తండ్రి కొయ్యబోతాడు, అప్పుడూ చెబుతుంది.

పిల్లల కథ అంటారు! 1998 నుంచి 2001 దాకా అస్సాంలో గుప్తహత్యలు జరిగాయి. ముసుగు మనుషులు రాత్రిపూట వచ్చి తిరుగుబాటుదారుల బంధువుల్ని ఇళ్ళల్లో కాల్చేశారు. ఆ ఇళ్ళల్లో పెరిగిన పిల్లలకు తేజీమలా ఏ చెవిన వినిపిస్తుందో ఆలోచించండి. రంగస్థలం మీద ఒక నటి చెయ్యి ముందుకు చాచి, రోకలి దెబ్బ చప్పుడుకి ఆ చెయ్యి వెనక్కి లాక్కోకుండా ఉంచితే చాలు. డైలాగు అక్కర్లేదు. అస్సామీ కవులూ నాటకకారులూ తేజీమలా దగ్గరికి మళ్ళీ మళ్ళీ ఎందుకు వెళ్తారో అప్పుడు తెలుస్తుంది.

భ్రామ్యమాణ్ థియేటర్, అంటే ఊరూరా తిరిగే నాటకం గురించి చెప్పకపోతే అక్కడివాళ్ళు ఊరుకోరు. 1963 అక్టోబరు 2న పాఠశాలా అనే చిన్న ఊళ్ళో అచ్యుత్ లహకర్ నటరాజ్ థియేటర్ మొదలుపెట్టాడు. డేరా, కుర్చీలు, లైట్లు, వంటవాళ్ళు, నటులు అందరూ లారీల మీద ఊరూరా తిరుగుతారు. పక్కపక్కనే రెండు వేదికలుంటాయి, ఒకదాని మీద సీను నడుస్తుంటే రెండోదాని మీద సెట్టు మారుతుంది. పిలిచేది ఊరి కమిటీ, లాభంలో వాటా బడికో గుడికో. మన సురభి వాళ్ళు మాయాబజార్‌లో చేసే మాయలు వీళ్ళు కోహినూర్ థియేటర్ టైటానిక్‌లో చేశారు, ఓడను వేదిక మీదే ముంచారు. ఆ వ్యాపారమంటే నాకు గౌరవమే. కానీ సమకాలీన రాజకీయాన్ని వాళ్ళు ముట్టుకున్నప్పుడు చాలాసార్లు అది పత్రిక హెడ్డింగులా ఉంటుంది. భవేంద్రనాథ్ సైకియా లాంటి పెద్ద రచయిత ఆ డేరాల కోసం నాటకాలు రాయడం వేరే సంగతి.

ఇక నేను అసలు చేరాలనుకున్న చోటు. గోవాల్‌పాడా జిల్లా, ఆగియా దగ్గర రాంపుర్. నాటక దర్శకుడు శుక్రాచార్య రాభా ఆ ఊరివాడు. రాభాలు గిరిజనులు, పురాణం కిరాతులని ఒకే గంపలో వేసిన జనాల్లో వాళ్ళూ ఒకరని చదువుకోవచ్చు. అంటే నరకుడు తరిమిన ఘటకుడి వైపువాళ్ళు. అతను మణిపుర్‌లో దర్శకుడు హైస్నాం కన్హైలాల్ దగ్గర నేర్చుకున్నాడు. కన్హైలాల్ 1975లో పెబెత్ అని ఒక నాటకం చేశారు. పొయ్యి దగ్గర అవ్వలు చెప్పే కథ: సన్యాసి వేషం కట్టిన పిల్లి, దాన్ని పొగుడుతూ పిల్లల్ని కాపాడుకునే తల్లి పిట్ట. మాటలు బహు తక్కువ. అయినా ఢిల్లీకి కోపం తెప్పించే నాటకమని దాని మీద గొడవ జరిగింది. పిల్లి ఎవరో ఆయన చెప్పలేదు, కోపం వచ్చినవాళ్ళే చెప్పుకున్నారు.

శుక్రాచార్య తన బృందానికి రాభాల వెదురు వాయిద్యం పేరు పెట్టాడు, బాదుంగ్‌దుప్పా. కన్నడ కవి హెచ్.ఎస్. శివప్రకాశ్ నాటకాన్ని మదయ్యా మూచీగా తన ఊరివాళ్ళతో ఆడించాడు. 2008 నుంచి ఏటా డిసెంబరులో సాల చెట్ల కింద నాటకోత్సవం పెట్టాడు. మన మన్యంలో గుగ్గిలం చెట్టంటాం చూశారూ, అదే. చుట్టూ సాలవనాలు పోయి రబ్బరు తోటలు లేస్తున్న కాలం. అక్కడ మైకు లేదు, కరెంటు దీపం లేదు. ఎండ ఆకుల మధ్య నుంచి పడినంతే వెలుతురు. వెదురు గ్యాలరీ, మట్టి వేదిక. ఊరివాళ్ళే అతిథులకు వండి పెడతారు. నేను వెళ్ళిన ఏడు ఒక సన్నివేశం మధ్యలో నటుడు ఆగిపోయాడు. మేమంతా మరిచిపోయాడేమో అనుకున్నాం. పైన గాలికి ఆకులు కదిలి చప్పుడవుతోంది, అది తగ్గేదాకా ఆగాడు. ఎండుటాకు ఒకటి అతని భుజం మీద పడింది. తీసెయ్యలేదు. నా ముందు కూర్చున్న రాభా ముసలామె అంతసేపూ గింజలు ఏరుతూనే చూసింది. ఆ వేదిక మీద ఎవరికీ కళ్ళజోడు తగిలించలేదు. రాజు పేరెత్తలేదు. ఈ నేల ఎవరిదని కూడా ఎవరూ అడగలేదు, అందరం దాని మీదే కూర్చున్నాం గనక.

శుక్రాచార్య 2018 జూన్‌లో గుండెపోటుతో పోయాడు. 41 ఏళ్ళు. ఆ డిసెంబరులో కూడా చెట్ల కింద నాటకాలు ఆడారు.

మాస్టారి పేరిట ఈ నాటక సమాజం దగ్గర కొంత నిధి ఉంది. ఏటా ఉపన్యాసానికి వచ్చిన నా లాంటివాడికి శాలువా, దండ, భోజనం. ఈసారి నా శాలువా డబ్బు మిగల్చండి. దానికి ఇంకొంచెం కలిపి, ఇక్కడ వెనక వరసలో కూర్చున్న కుర్రాళ్ళలో ఇద్దర్ని వచ్చే డిసెంబరులో రాంపుర్ పంపండి. ఒకడు నరకుడి వేషం కట్టగలిగినవాడై ఉండాలి. గువాహటి దాకా రైలు, అక్కడి నుంచి గోవాల్‌పాడా బస్సు. చలి బాగా ఉంటుంది, దుప్పట్లు పట్టుకెళ్ళండి. మైకు ఉండదు గనక ముందు వరసలో చోటు చూసుకోండి.